పెద్ద బజారు సందులో ప్రొజెక్టర్ మేస్త్రి: ఐదుకు నాలుగు మార్కులు

బరంపురం పెద్ద బజారు వెనుక సందులో మైకు సెట్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. బోర్డు లేదు. గుమ్మం పైన తుప్పు పట్టిన హారన్ స్పీకరు వేలాడుతుంటుంది, అదే గుర్తు. మా ఇంట్లోని ఎనిమిది మిల్లీమీటర్ల సినిమా ప్రొజెక్టర్‌ను అక్కడ బాగుచేయించాను. అటక మీద పాత రీళ్లు దాచుకుని, యంత్రంలో పెడితే ఎక్కడ చిరిగిపోతాయోనని భయపడుతున్నవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉండే ఉంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. ముప్పై ఆరేళ్లు బ్యాంకులో క్యాషియరుగా చేశాను. ఊరికే మార్కులు వేసే అలవాటు నాకు లేదు.

ముందు యంత్రం గురించి. మా పెద్ద మేనమామ ఓడల్లో ఉద్యోగం చేసేవాడు. అరవైల్లో ఒక చిన్న కెమెరా, డెబ్బైల్లో ఇంకో కెమెరా, దానితో పాటు ఈ ప్రొజెక్టర్ తెచ్చాడు. ఆయన పోయాక రేకు పెట్టెతో సహా మా అమ్మ దగ్గరికి వచ్చింది. మొత్తం పదకొండు రీళ్లు. గోపాలపురం సముద్రం, మా వీధిలో ఠాకూరాణి యాత్రకు వచ్చిన పులి వేషాలు, మా పిన్ని పెళ్లికి పర్లాకిమిడి ప్రయాణం. ఆ పెళ్లి రీలులో నౌపడ నుంచి వెళ్లే చిన్న రైలు ఉంది. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన ఆ లైనును 2004లో మూసి, బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. అంటే ఆ రైలును మళ్లీ చూడాలంటే మాకు ఆ యాభై అడుగుల ఫిల్మే దిక్కు.

గత దసరాకు అమ్మకు చూపిద్దామని మా తమ్ముడు యంత్రాన్ని బయటికి తీశాడు. వాడికి యంత్రాలు తెలుసునని వాడి నమ్మకం. ఆ సాయంత్రం జరిగిన నష్టాన్ని నేను అప్పుడే పుస్తకంలో రాసి పెట్టాను. ఎనిమిదో రీలులో ఫిల్ము పక్కన వరుసగా ఉండే చిల్లుల అంచులు చిరిగాయి. పెట్టిన ప్రతి రీలులోనూ బొమ్మకు కుడివైపున పైనుంచి కిందికి ఒకటే గీత పడింది. "అదిగో అమ్మ, అదిగో అమ్మ" అంటూ వాడు ఒకచోట ఆపగానే బొమ్మ మధ్యలో గోధుమరంగు బుడగ లేచి పగిలింది, అమ్మ మొహం పోయింది. ఇవన్నీ చూస్తున్న హడావుడిలో, ఆడిన ఫిల్మును చుట్టుకునే కింది చక్రం తిరగడం ఎప్పుడో మానేసిందని ఎవరమూ గమనించలేదు. ముప్పై అడుగుల ఫిల్ము నేల మీద కుప్పపడింది. దాని మీద వాడే కాలు వేశాడు.

అమ్మ మాత్రం ఒకటే కంగారు పడింది, ఇల్లు అంటుకుంటుందేమోనని. పూర్వం సినిమా హాళ్లలో వాడిన నైట్రేట్ ఫిల్ము నిజంగానే భగ్గుమనేది. ఇళ్లలో వాడే ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము అలాంటిది కాదు. దాన్ని ఎసిటేట్ మీద తయారు చేసేవారు. వేడి తగిలితే కరిగి ముడుచుకుంటుంది, అంతే. ఈ సంగతి చెప్పినా అమ్మ ఆ రాత్రి ప్లగ్గును మూడుసార్లు చూసి వచ్చింది.

మొదట దీన్ని వేరే ఊళ్లో ఒక పెద్ద కెమెరా దుకాణానికి తీసుకెళ్లాను. పేరు రాయను. వాళ్లు ఫిల్ము చూడలేదు, చిల్లులు చూడలేదు. "బొమ్మ కదులుతోందా, అయితే స్ప్రింగు వదులైంది" అని లోపల ఏదో స్క్రూ బిగించి ఎనిమిది వందలు తీసుకున్నారు. ఇంటికి వచ్చి వేస్తే గీత ఇంకా లోతుగా పడింది.

ఇక మన మేస్త్రి. డెబ్బై దాటిన మనిషి. పట్టు నేసే కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కుర్రతనంలోనే మగ్గం వదిలేసి మైకు సెట్ల పనిలో పడ్డారట. కాగితాల మీద మా ఊరు బ్రహ్మపుర అయినా ఆయన నోట్లో, నా నోట్లో బరంపురమే కాబట్టి మాట తొందరగానే కలిసింది. నేను సంచిలోంచి రీలు తీయబోతుంటే ఆపేశారు.

"ఫిల్ము తర్వాత చూద్దాం అమ్మా. ముందు యంత్రాన్ని ఇక్కడ పెట్టండి. పోగు తెగుతుంటే పోగును అతుకుతూ కూర్చుంటే ఏమి లాభం? మగ్గంలో ఎక్కడ గీసుకుంటోందో చూడాలి కదా."

ఫిల్ములో బాగా చిరిగిన ముక్క ఒక్కటి ఇస్తే చాలునన్నారు. ఎనిమిదో రీలు చివర తెగిపోయిన జానెడు ముక్క ఇచ్చాను. కంసాలులు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకుని చిల్లులు చూశారు. తర్వాత మరో రీలు మొదటి అడుగు అడిగి, రెండు ముక్కలనూ తెల్లకాగితం మీద పక్కపక్కనే పెట్టి నన్ను చూడమన్నారు.

యాభై ఏళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువు, నేను ఎప్పుడూ గమనించలేదు. రెండు ఫిల్ముల వెడల్పు ఒకటే, ఎనిమిది మిల్లీమీటర్లు. చిల్లులు మాత్రం వేరు. ఒకదానిలో చిల్లి పెద్దది, రెండు బొమ్మల మధ్య గీతకు ఎదురుగా ఉంటుంది. ఇది పాత రకం, 1932లో కోడక్ తెచ్చిన రెగ్యులర్ ఎయిట్. రెండోదానిలో చిల్లి చిన్నది, బొమ్మ నడుముకు ఎదురుగా ఉంటుంది. ఇది 1965లో వచ్చిన సూపర్ ఎయిట్. చిల్లిని చిన్నది చేసి, మిగిలిన చోటును బొమ్మకు ఇచ్చారు. ఒక చిల్లి నుంచి ఇంకో చిల్లికి దూరం పాతదానిలో 3.81 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 4.23. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ కొంప ముంచింది అదే.

ప్రొజెక్టర్ లోపల ఒక చిన్న ఉక్కు పన్ను ఉంటుంది, దాన్ని క్లా అంటారు. అది చిల్లిలో దిగి, ఒక బొమ్మంత మేర ఫిల్మును కిందికి లాగి, బయటికి వచ్చి, మళ్లీ పైకి వెళ్తుంది. సూపర్ ఎయిట్ అయితే సెకనుకు 18 సార్లు. మా యంత్రం రెండు రకాలనూ ఆడిస్తుంది. ఏ రకమో చెప్పడానికి వెనుక ఒక మీట ఉంది. మీట పక్కన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. తమ్ముడు దుమ్ము తుడుస్తూ దాన్ని పాత రకం వైపు జరిపాడు. సూపర్ ఎయిట్ రీలు పెట్టాక ఆ పన్ను ప్రతిసారీ చిల్లిని తప్పి, అంచును పొడుస్తూ పోయింది. యాభై అడుగుల సూపర్ ఎయిట్ రీలులో 3,600 బొమ్మలు ఉంటాయి, ఆడేది మూడు నిమిషాల ఇరవై సెకన్లు. తమ్ముడు ఆపేసరికి ఎన్ని చిల్లులు పోయాయో నేను లెక్కపెట్టాను. ఆ అంకె వాడికి చెప్పాను, ఇక్కడ రాయను.

మేస్త్రి ఆ మీట పక్కన గోళ్ల రంగుతో రెండు చుక్కలు పెట్టారు. పెద్ద చిల్లి ఫిల్ముకు పెద్ద చుక్క, చిన్నదానికి చిన్న చుక్క. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఖర్చు పైసా లేదు. రీలును బట్టి కూడా గుర్తుపట్టవచ్చునట. సూపర్ ఎయిట్ చక్రం నడిమి రంధ్రం పెద్దది, పాతదానిది చిన్నది. కానీ మా మామయ్య లాంటి పిసినారులు ఖాళీ చక్రం దొరికితే దేనిమీద ఏదైనా చుట్టేస్తారు కాబట్టి చిల్లినే నమ్మమన్నారు.

గీత సంగతి చూడటానికి రెండో రోజు రమ్మన్నారు. వెళ్తే ఒక రేకు డబ్బాలోంచి పూర్తిగా నల్లగా ఉన్న పనికిరాని ఫిల్ము తీశారు. గీత పడితే నల్లటి ఫిల్ము మీదే బాగా కనిపిస్తుందట. దాన్ని యంత్రంలో ఎక్కించి, బల్బు వెలిగించకుండా కొన్ని అడుగులు నడిపి, ఉన్నపళంగా ఆపారు. తర్వాత ఫిల్ము లోపల ఉండగానే తెల్ల పెన్సిలుతో నాలుగు చోట్ల గుర్తులు పెట్టారు. పై పళ్లచక్రం దగ్గర ఒకటి, గేటులోకి (ఫిల్ము మీద బల్బు వెలుగు పడే ఇరుకు దారి) దిగేచోట ఒకటి, గేటులోంచి బయటికి వచ్చేచోట ఒకటి, కింది చక్రం దగ్గర ఒకటి. అప్పుడు ఫిల్మును తీసి దీపం కింద చూస్తే మొదటి రెండు గుర్తుల దాకా నున్నగా ఉంది. రెండో గుర్తుకూ మూడో గుర్తుకూ మధ్య గీత మొదలైంది.

"ఇక మిగతా యంత్రం విప్పే పని లేదమ్మా, దొంగ గేటులోనే ఉన్నాడు."

గీతను చదవడం ఎలాగో అడిగితే చెప్పారు. తెగకుండా సాగితే అది కదలని వస్తువు చేసిన పని. ప్రతి బొమ్మకూ ఒకే చోట చిన్న గాటు పడితే క్లా. సమదూరంలో, కాస్త ఎడంగా మచ్చలు వస్తుంటే తిరిగే చక్రం ఏదో. తెర మీద నల్లగా కనిపించే గీత ఎక్కువగా ఫిల్ము నున్నటి వైపు పడినది, కాస్త నయం. బొమ్మ ఉండే పూత వైపు పడితే రంగు గీతగా, బాగా లోతైతే తెల్లగా కనిపిస్తుంది. అక్కడ బొమ్మే పోయింది కాబట్టి తిరిగి రాదు. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే చివరి అంగుళాన్ని తడి పెదవికి తాకించాలట, అంటుకునే వైపే పూత. ఇంటికి వచ్చి చేసి చూశాను. నిజమే, రుచి మాత్రం బాగాలేదు.

గేటు తలుపు తీశాక చూపించారు. ఆవగింజలో సగం ఉంటుందేమో, గోధుమరంగు పెచ్చు ఒకటి గేటు పట్టీ మీద అతుక్కుని గాజులా గట్టిపడింది. పాత రీళ్ల పూత రాలి, వేడికి కాలి అలా పేరుకుంటుందట. పైగా ఆ పెద్ద దుకాణం వాళ్లు బిగించినది సరిగ్గా ఫిల్మును గేటుకు అదిమిపట్టే ప్లేటు స్ప్రింగునే. అంటే కత్తి మీదికి ఫిల్మును ఇంకా గట్టిగా నొక్కడానికి నేను ఎనిమిది వందలు ఇచ్చానన్న మాట.

నేనైతే స్క్రూడ్రైవరుతో గీకేసేదాన్ని. ఆయన లోహపు వస్తువు ఏదీ దగ్గరికి రానివ్వలేదు. గేటు మీద గీత పడితే అది ప్రతి ఫిల్ము మీదా గీత అవుతుందన్నారు. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పెచ్చు మీద పెట్టి, టీ తాగి వచ్చారు. తర్వాత చెక్కిన వెదురు పుల్లతో తోస్తే పొరలు పొరలుగా ఊడింది. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. గోళ్ల రంగు తుడిచే ద్రవాన్ని ఫిల్ము దగ్గరికి తీసుకెళ్లకండి. అందులో ఎసిటోన్ ఉంటే ఫిల్ము కరిగిపోతుంది. నేను ఆ పని చేయబోయానని చెప్పగానే ఆయన ఒక పనికిరాని ముక్క మీద చుక్క వేసి చూపించారు. నిమిషంలో జిగురైంది.

బొమ్మ కాలిపోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. లోపల బల్బు 12 వోల్టులు, 100 వాట్లు, వెనుక అద్దం. ఆ వేడంతా చిటికెన వేలి గోరంత బొమ్మ మీద పడుతుంది. ఫిల్ము కదులుతున్నంతసేపు ఫరవాలేదు. ఆపినప్పుడు బల్బుకూ ఫిల్ముకూ మధ్య ఒక జల్లెడ రేకు దిగి వేడిని తగ్గించాలి. మా యంత్రంలో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఆ రేకు పైనే ఇరుక్కుపోయింది. గ్రీజు తీసేసి, ఫ్యాన్ శుభ్రం చేసి, బల్బు మార్చారు. రేకు దిగుతోందా లేదా అని ఫిల్ము లేకుండా ఆపి చూసుకోమన్నారు. దిగితే తెర మసకబారుతుంది. ఏమైనా సరే, పాత ఫిల్మును మాత్రం ఆపి చూడవద్దని తమ్ముడికి ఫోనులో ఆయనే స్వయంగా చెప్పారు. నేను చెబితే వినడని ఆయనకు ఎలా తెలిసిందో.

బెల్టులు తారులా కరిగి కప్పీలకు అంటుకున్నాయి. తుడవడానికే ఒక పూట పట్టింది. టేపు రికార్డర్ల బెల్టుల్లోంచి సరిపడేవి రెండు ఏరారు. మరీ బిగువైతే కింది చక్రం ఫిల్మును లాగి తెంపుతుంది, వదులైతే నేల మీద కుప్ప పడుతుంది. ఆ మధ్యస్థం దొరికేదాకా ఐదు బెల్టులు మార్చారు. ఇక్కడ ఆయన చేతిలోని నేతపని కనిపించింది. చక్రం తిరుగుతుంటే ఫిల్మును వేలితో కొంచెం పక్కకు నొక్కి, కళ్లు మూసుకుని బిగువు చూశారు.

ఫిల్ము ఎక్కించడం కూడా నాతోనే పదిసార్లు చేయించారు. గేటుకు పైన ఒకటి, కింద ఒకటి, ఫిల్ము వదులుగా వంపు తిరిగి ఉండాలి. పళ్లచక్రాలు ఆగకుండా తిరుగుతాయి, గేటులో ఫిల్ము ఆగి ఆగి నడుస్తుంది. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది ఈ వంపులే. వంపు పోయిందంటే తెర మీద బొమ్మలు పైకీ కిందికీ సాగిపోతాయి. గడగడమని చప్పుడు వస్తుంది. వెంటనే ఆపకపోతే మళ్లీ చిల్లులు చిరుగుతాయి. చెవిని అటే పెట్టుకుని ఉండమన్నారు. ఆడించే ముందు ఫిల్ము అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా జారవిడిస్తే చిరిగిన చిల్లి గరుకుగా తగులుతుంది. నోట్ల కట్టలో నలిగిన నోటు తగిలినట్టే. ఈ ఒక్క పనిలో ఆయన కన్నా నా చేయే మేలని ఆయనే ఒప్పుకున్నారు.

తొమ్మిదో రీలును మాత్రం ఆడించనన్నారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి రేకులు లేచి పెట్టె తడిసింది. మూడు రోజుల దాకా ఎవరికీ దాని ధ్యాస లేదు. ఇప్పుడు ఆ డబ్బా మూత తీస్తే ఊరగాయ జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన. ఎసిటేట్ విడిపోయి వెనిగర్ ఆమ్లం వస్తోందన్న మాట. ఫిల్ము కుంచించుకుపోయి, అంచులు దోనెలా వంగాయి. చిల్లుల మధ్య దూరమే తగ్గిపోయాక క్లా ఏమి చేయగలదు? దాన్ని మిగతా రీళ్లకు దూరంగా, గాలి తగిలే అట్టపెట్టెలో పెట్టమన్నారు. ఆ ఆవిరి పక్కవాటికీ చేటు చేస్తుందట. పళ్లు లేకుండా రోలర్ల మీద ఫిల్మును నడిపే స్కానర్లు ఉన్న చోటికి పంపి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడమే దారి. ఐదో రీలుకు పట్టిన తెల్లబూజును పొడి గుడ్డతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచారు. నీళ్లు మాత్రం తాకనివ్వలేదు. బూజు తిన్న పూత నీళ్లకు కరిగి బొమ్మతో సహా వచ్చేస్తుందన్నారు.

ఇక లోపాలు. "రేపు రండి" అన్న మాట నేను పందొమ్మిది రోజులు విన్నాను. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా తలుపు వేసి ఉంటుంది. ఫోను చేస్తే ఎత్తరు, ఎత్తితే రేడియో మోతలో వినబడదు. వెనుక మూతకు ఉండాల్సిన నాలుగు స్క్రూలలో మూడే వచ్చాయి. చిరిగిన చిల్లులను అతకడం తన పని కాదన్నారు. దానికి కావలసిన పారదర్శకపు టేపు నేనే వేరే ఊరి నుంచి తెప్పించుకుని, ఎనిమిదో రీలుకు రాత్రుళ్లు కూర్చుని వేస్తున్నాను. సగమైంది. అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది, చీటీ ఇవ్వకపోవడం. బల్బు 650, బెల్టులు రెండు 300, పనికి 1,200. కూడితే 2,150. ఆయన తీసుకున్నది 2,200. యాభై రూపాయలకే అంత పట్టింపా అని తమ్ముడు నవ్వాడు. వాడు తొక్కిన ఫిల్ము మాట ఎత్తగానే నవ్వు ఆపాడు.

పోయిన ఆదివారం పర్లాకిమిడి రీలు వేశాం. ముందు ఆయన ఇచ్చిన నల్ల ఫిల్మును నాలుగు అడుగులు నడిపి, దీపం కింద పట్టి చూశాను. గీత లేదు. పెద్ద చుక్క వైపు మీట పెట్టి, పెళ్లి రీలు ఎక్కించాను. రైలు పెట్టె మెట్టు మీద పిన్ని, ఆమె వెనుక నీళ్ల కూజాతో అమ్మ. పాత గీత కుడివైపున అలాగే ఉంది, అది పోదు. అమ్మ గీతను పట్టించుకోలేదు. కూజా ఎవరిదో గుర్తు తెచ్చుకోవడంలో మునిగిపోయింది.

మర్నాడు నాలుగో స్క్రూ కోసం వెళ్లినప్పుడు యాభై రూపాయల సంగతి అడిగేశాను.

"నల్ల ఫిల్ము పట్టుకెళ్లారు కదమ్మా," అన్నారు, తల ఎత్తకుండానే.

లెక్క సరిపోయింది. చీటీ ఇంకా ఇవ్వలేదు, ఆ ఒక్క మార్కూ అందుకే తగ్గించాను.